బస్టాండు బ్యాటరీ కమిటీ

మా చింతలమెట్ట పురపాలక సంఘంలో పని జరిగిందో లేదో కళ్ళతో చూసి చెప్పే పద్ధతి ఎత్తేసి చాలా కాలమైంది. కళ్ళు మోసం చేస్తాయి, ఫోటో చెయ్యదు. ఈ సత్యాన్ని కనిపెట్టిన పైవాళ్ళు రాజధాని నుంచి ఒక సర్క్యులర్ పంపించారు. ప్రారంభోత్సవ ఛాయాచిత్రం లేని ఏ నిర్మాణాన్నీ నిర్మాణంగా పరిగణించరాదు, ప్రజల వినియోగంలోకి తేరాదు, సదరు ఛాయాచిత్రం సదరు సంస్థకు చెందిన కెమెరాతోనే తీయబడి ఉండవలెను. సెల్‌ఫోన్ ఫోటోలు చెల్లవు. ఎందుకు చెల్లవో అందులో రాయలేదు గానీ, పక్క పట్టణంలో ఎవరో కట్టని వంతెన మీద నిలబడ్డట్టు తన బొమ్మ అతికించి పంపించాడని వినికిడి.

నేను ఆ ఆఫీసులో సీనియర్ అసిస్టెంటుని. సర్క్యులర్లంటే నాకు చిన్నప్పట్నుంచీ గౌరవం. ఇంట్లో ఉప్పు అయిపోయిందని మా ఆవిడ చెప్పినా "పై విషయమై" అని మొదలుపెట్టి జవాబు చెప్పే స్థాయికి ఎదిగినవాణ్ణి. కాబట్టి జరిగింది జరిగినట్టు చెబుతాను. ఇందులో నాకు ఎవరి మీదా కోపం లేదు. కొంచెం ఉంది గానీ అది తర్వాత.

మా ఊరి బస్టాండులో మరుగుదొడ్లు కట్టారు. ఆడవాళ్ళకి ఓ పక్క, మగవాళ్ళకి ఓ పక్క, రెంటికీ కలిపి ముందొక గ్రిల్లు తలుపు. గులాబీ రంగు టైల్సు, తిప్పితే నీళ్ళొచ్చే పంపులు. మగవాళ్ళ సంగతి సరే, వాళ్ళకి ఊళ్ళో బోలెడు గోడలున్నాయి. బస్టాండు ముందు పొద్దస్తమానం కూర్చుని పూలూ, జామకాయలూ, కొబ్బరిబొండాలూ అమ్ముకునే ఆడవాళ్ళకి మాత్రం వెనక సందులో సినిమా హాలు తప్ప దిక్కులేదు. ఆ హాలు మేనేజరు ఆట ఉన్నప్పుడే గేటు తీస్తాడు. అందుకని వాళ్ళు వేసవికాలం కూడా నీళ్ళు తాగడం మానేసి కూర్చునేవాళ్ళు. ఈ మాట నాకు పూలమ్మే లోవమ్మ చెప్పింది. ప్రారంభోత్సవం రోజున రిబ్బను కట్టిన గుంజలకి ఆవిడే ఊరికే బంతిపూల దండలు చుట్టింది.

చైర్‌పర్సన్ గారు కత్తెర పట్టుకున్నారు. మా ఆఫీసు ఫోటోగ్రాఫరు మస్తాన్ వలీ "ఇటు చూడండి మేడం, కొంచెం నవ్వండి" అన్నాడు. మేడం నవ్వారు. కెమెరా టిక్కుమనలేదు. మస్తాన్ దాన్ని తట్టాడు, ఊదాడు, ఒకసారి కళ్ళకద్దుకున్నాడు. కింద మూత తెరిచి చూస్తే లోపల బ్యాటరీ ఉబ్బిపోయి ఉంది.

మేడం నవ్వు దించకుండానే "అయిందా?" అన్నారు.

"కోసేయమంటారా సార్?" అని నేను కమిషనర్ గారిని అడిగాను.

మా కమిషనర్ పరాంకుశం గారు రెండు చేతులూ అడ్డం పెట్టారు. "ఆగండి! ఫోటో లేకుండా రిబ్బను తెగితే ప్రారంభం జరిగినట్టూ కాదు, జరగనట్టూ కాదు. ఆ మధ్యస్థితికి మన దగ్గర ఫారం లేదు."

అంతే. కత్తెర పళ్ళెంలోకి వెళ్ళింది, పళ్ళెం జీపులోకి వెళ్ళింది, తలుపుకి తాళం పడింది. తాళంచెవి నా జేబులోకి వచ్చింది.

"రిబ్బను సంగతి తర్వాత సూసుకోండి బాబూ, తాళం మట్టుకు తియ్యండి" అంది లోవమ్మ.

"బ్యాటరీ రాగానే తీస్తామమ్మా" అన్నాను. ఆ మాట అన్నప్పుడు నేను నిజంగానే నమ్మాను.

మర్నాడు మీటింగు జరిగింది. పాత బ్యాటరీ స్థానంలో ఒకటి, స్పేరుగా ఇంకొకటి కావాలని మస్తాన్ అర్జీ పెట్టాడు. అందరూ ఒప్పుకున్నారు. ఏ రకం కొనాలన్న దగ్గర ఆగింది.

"కంపెనీదే కొనాలి సార్" అన్నాడు మస్తాన్. "కెమెరా చేసినవాడు చేసిన బ్యాటరీయే కెమెరాకి పడుద్ది. ఊరూ పేరూ లేనిది పెడితే అది అలుగుద్ది సార్. నా కెమెరా సంగతి నాకు తెలీదా?"

అకౌంట్స్ ఆఫీసరు భానోజీరావు గారు కళ్ళజోడు తుడుచుకున్నారు. ఆయన కళ్ళజోడు తుడిచారంటే ఎవరిదో బిల్లు ఆగిపోయిందన్నమాట. "జనరిక్ అందులో మూడోవంతుకి దొరుకుతుంది. లోపలున్నది అదే సరుకు. డాక్టర్లు జనరిక్ మందులే రాయాలని ప్రభుత్వం వారు ఉత్తర్వులిచ్చారు. మనిషి ప్రాణానికి చెల్లినది కెమెరా ప్రాణానికి చెల్లదా?"

కమిషనర్ గారు చాలాసేపు ఫ్యాను వంక చూశారు. "కంపెనీది కొంటే, అంత ఖర్చు ఎందుకు పెట్టావని ఆడిట్ వారు అడుగుతారు. జనరిక్ కొన్నాక అది పేలితే, అంత పిసినారితనం ఎందుకని విజిలెన్స్ వారు అడుగుతారు. ఏదీ కొనకపోతే?"

"ఎవరూ ఏమీ అడగరు సార్" అన్నాను.

"అది ఆలోచించదగిన మార్గమే" అన్నారాయన. అయినా చైర్‌పర్సన్ గారి నవ్వు వృథాగా పోయింది కాబట్టి, ఏదో ఒకటి చెయ్యక తప్పదు కాబట్టి, కమిటీ వేశారు. బ్యాటరీ ఎంపిక కమిటీ. కమిషనర్ గారు అధ్యక్షులు, భానోజీరావు గారు సభ్యులు, నేను కన్వీనర్. జనరిక్ ఉత్తర్వు డాక్టర్లకి సంబంధించినది కాబట్టి అందులో ఒక డాక్టరు ఉండితీరాలని తేలింది. పెద్దాసుపత్రికి రాస్తే రోగులున్నారు, కుదరదని జవాబొచ్చింది. పశువుల డాక్టరు ఇమ్మానుయేలు గారు మాత్రం సంతోషంగా వచ్చారు.

ఆయన ముందు పాత బ్యాటరీని పరీక్షించారు. బొటనవేలితో నొక్కారు, చెవి దగ్గర పెట్టుకున్నారు, వాసన చూశారు. "వాపు గట్టిగా ఉంది. లోపల గ్యాసు చేరింది. ఇదే గేదైతే కడుపు పక్కన చిన్న గాటు పెట్టి వదిలేవాణ్ణి" అన్నారు.

"దీనికి పెట్టకూడదా?" అన్నారు భానోజీరావు గారు, కొత్తది కొనే ఖర్చు తప్పుతుందేమోనన్న ఆశతో.

"పెట్టొచ్చు. కానీ గేదె తంతుందంతే, ఇది అంటుకుంటుంది."

బ్యాటరీ చనిపోయినదని ఆయన ధ్రువీకరించి సంతకం చేశారు. వయసు అన్న చోట "ముదిమి" అని రాశారు.

ఊళ్ళో కెమెరా షాపువాడు నమూనాగా రెండు బ్యాటరీలు పంపించాడు. ఒకటి కంపెనీది, ఒకటి జనరిక్. రెండూ నా బల్ల మీదే ఉన్నాయి. మస్తాన్ వాటి చుట్టూ తిరిగి తిరిగి, "సార్, ఇందులో ఏదో ఒకటి పెట్టి ఒక్క ఫోటో తీసేసుకుని మళ్ళీ తీసేద్దాం సార్. మీరు బల్ల కింద చూడండి, అయిపోద్ది" అన్నాడు.

అటుగా వచ్చి ఆ మాట విన్న కమిషనర్ గారికి కోపం వచ్చింది. "నమూనాను వాడరాదు. వాడినది నమూనా కాదు. పరిశీలన పూర్తయ్యే వరకు అవి బ్యాటరీలు కావు, దాఖలాలు."

దాఖలాలు కాబట్టి వాటి ఫోటోలు ఫైల్లో పెట్టాలన్నారు. ఫోటోలు తీయడానికి కెమెరాలో బ్యాటరీ లేదు. మున్సిపల్ హైస్కూలు డ్రాయింగు మాస్టారిని పిలిపించి రెండు బ్యాటరీల బొమ్మలూ గీయించాం. ఆయన కళాహృదయుడు. కంపెనీ బ్యాటరీ వెనక సూర్యోదయం వేశారు. ఇది పక్షపాతమని భానోజీరావు గారు అభ్యంతరం రాస్తే, జనరిక్ బ్యాటరీ పక్కన ఒక నెమలిని చేర్చి సమం చేశారు.

ఇదంతా జరుగుతుండగా లోవమ్మ ఆఫీసుకి వచ్చింది. తలమీద తడిగుడ్డ వేసుకుని గుమ్మం దగ్గరే నిలబడింది.

"ఏవండీ గుమాస్తాగారూ, బేటరీ ఒచ్చిందాండీ?"

"రెండొచ్చాయమ్మా."

"మరింకేటండీ?"

"ఏది మంచిదో చూస్తున్నాం."

ఆవిడ నా బల్ల మీద ఉన్న వాటిని చూసింది. రెండూ నల్లగా, అగ్గిపెట్టెంత ఉన్నాయి. "పొద్దున్నుంచీ గుక్కెడు నీళ్ళు తాగలేదండి. తాగితే ఎల్లాలి కదా, ఎక్కడికెల్తామండీ? మొన్న మా బొండాల సత్తెవతి ఎండకి కళ్ళు తిరిగి పడిపోయింది. గులాబీరంగు గది ఎదురుగానే ఉందండీ, సూత్తా కూర్సుంటన్నాం. అంతకన్నా కట్టకపోయినా బాగుండును."

నా జేబులో తాళంచెవి ఉంది. ఆ పూట నాకు సర్క్యులర్ మీద మొదటిసారి కోపం వచ్చింది. కానీ ఇరవై ఏళ్ళ అలవాటు చూడండి, చెయ్యి జేబులోకి వెళ్ళలేదు. "పై విషయమై త్వరలో తెలియజేస్తాం" అన్నాను. ఆవిడ నన్ను అదోలా చూసి వెళ్ళిపోయింది. ఏమన్నా తిట్టి ఉంటే బాగుండేది.

తర్వాతి మీటింగులో ఇమ్మానుయేలు గారు అసలు విషయం పట్టుకున్నారు. "స్పేర్ బ్యాటరీ కెమెరాలో ఉండదు. జేబులో ఉంటుంది. కాబట్టి దాన్ని జేబులోనే పరీక్షించాలి. ఎండలో, ఒంటి వేడికి, ఏది ఉబ్బుతుందో ఏది ఉబ్బదో చూడాలి."

అందరూ బల్ల చరిచారు. పాత బ్యాటరీ చనిపోయిన చోటే పరీక్ష జరపడం న్యాయం కాబట్టి స్థలం బస్టాండే. మోసేవాళ్ళకి ఏది ఏదో తెలిస్తే జనరిక్‌ను మోసేవాడు ఊరికే భయపడతాడు, కంపెనీదాన్ని మోసేవాడు ఊరికే ధీమాగా ఉంటాడు. అందుకని నిష్పక్షపాతంగా ఉండడం కోసం రెంటి మీదా ఉన్న లేబుళ్ళు బ్లేడుతో గీకి తీసేశారు. ఆ లేబుళ్ళని నేనే భద్రంగా ఫైల్లో అంటించాను. ఏ లేబులు ఏ బ్యాటరీదో రాస్తే గోప్యత పోతుందని రాయలేదు. తర్వాత రెండు బ్యాటరీలనీ ఒక స్టీలు గిన్నెలో వేసి కమిషనర్ గారు స్వయంగా గలగలా కలిపారు. ఆ పని ఆయన ఎంత శ్రద్ధగా చేశారంటే, ఆ తర్వాత ఈ భూమ్మీద వాటిని గుర్తుపట్టగలిగినవాడు లేకుండా పోయాడు.

ఎవరు మోయాలన్న దగ్గర పెద్దగా చర్చ జరగలేదు. కిందివాళ్ళ జేబుల్లో పేలితే నష్టపరిహారం గొడవలొస్తాయని భానోజీరావు గారన్నారు. "అయితే మనమే" అన్నారు కమిషనర్ గారు గంభీరంగా. నిజం చెప్పొద్దూ, అప్పుడు నాకు ఆయన మీద గౌరవం కలిగింది.

పరీక్ష రోజున ఎండ మండిపోతోంది. కమిషనర్ గారి ప్యాంటు కుడి జేబులో ఒకటి, భానోజీరావు గారి కుడి జేబులో ఒకటి. ఏ జేబులో ఏది ఉందో తెలియదు కాబట్టి ఇద్దరూ కాళ్ళు ఎడంగా వేసి, పురుటి నొప్పులు మొదలైన వాళ్ళలా నడిచారు. జీపుని భానోజీరావు గారు ముందే వెనక్కి పంపించేశారు. పేలుడు సంభవిస్తే ప్రభుత్వ వాహనానికి నష్టం కలగకూడదుట. రిబ్బను ముందు, ఎండలో, ఇద్దరూ నిలబడ్డారు. మస్తాన్ ఖాళీ కెమెరా మెడలో వేసుకుని దూరంగా నిలబడ్డాడు. బస్టాండులో జనమంతా చుట్టూ చేరారు. మరేదన్నా ప్రారంభోత్సవమేమోనని ఒకాయన చప్పట్లు కూడా కొట్టాడు.

"నీళ్ళు పట్టండి" అన్నారు ఇమ్మానుయేలు గారు. "దాహం వెయ్యకముందే పట్టాలి. పశువుకైనా అంతే."

ఆ మాట ఆయన నోట్లోంచి వచ్చీ రాకముందే లోవమ్మ రెండు బొండాలతో ప్రత్యక్షమైంది. "తాగండి బాబూ, ఎండ తెగ కాసేత్తంది."

కమిషనర్ గారు తాగారు. ఆవిడ ఇంకోటి తెచ్చింది. వద్దనబోతే, "మా కోసం నిలబడ్డారు కదండీ, కాదనకూడదు" అంది. వెనకాల బొండాల సత్యవతి టకటకా కొడుతూనే ఉంది. బొండాలు అయ్యాక మజ్జిగ వచ్చింది. మజ్జిగ అయ్యాక నిమ్మషోడా వచ్చింది. ఈ సత్కారం వెనక లోవమ్మకి వేరే ఉద్దేశం ఉందని నేను ఎక్కడా రాయలేదు, రాయను కూడా.

కాసేపటికి కమిషనర్ గారి నిలబడే తీరు మారింది. కాళ్ళు ఎడంగా ఉన్నవి దగ్గరికి వచ్చాయి. తర్వాత ఒకదాన్నొకటి చుట్టుకున్నాయి.

"వేడిగా ఉందా సార్? ఉబ్బుతోందా?" అన్నారు ఇమ్మానుయేలు గారు ఆత్రంగా.

"ఉబ్బుతోంది. బ్యాటరీ కాదు" అన్నారు కమిషనర్ గారు పళ్ళ బిగువున. "జీపు!"

"పంపించేశాం కదండీ సార్" అన్నారు భానోజీరావు గారు.

"సినిమా హాలు!"

"ఆట లేదండి, గేటేసేసేడు" అంది లోవమ్మ, పాపం ఎంతో విచారంగా.

కమిషనర్ గారు చుట్టూ చూశారు. పక్కనే ఒక గోడ ఉంది. ఆ గోడ మీద బారెడేసి అక్షరాలతో, ఇచ్చట మూత్రవిసర్జన చేయువారు శిక్షార్హులు, కమిషనర్, అని రాసి ఉంది. ఆ అక్షరాలు ఆయన పోయిన నెల దగ్గరుండి రాయించారు. ఆయన వాటిని ఒకసారి చదివి, కళ్ళు మూసుకుని, గులాబీరంగు గది వైపు తిరిగారు.

"సార్" అన్నాను నేను, కన్వీనర్‌గా నా బాధ్యత కాబట్టి. "ప్రారంభం కాని కట్టడంలోకి తమరు ప్రవేశిస్తే అది వినియోగం కింద వస్తుందా, తనిఖీ కింద వస్తుందా?"

"తాళం తియ్యవయ్యా!"

"లిఖితపూర్వకంగా ఇస్తే..."

"గుమాస్తాగారూ" అంది లోవమ్మ నెమ్మదిగా.

నేను ఆవిడ వంక చూశాను. అదే చూపు, ఆ రోజు గుమ్మం దగ్గర చూసినది. ఇన్నాళ్ళూ కదలని చెయ్యి దానంతటదే జేబులోకి వెళ్ళింది. తాళం తీశాను. అంత సుఖంగా తెరుచుకున్న తాళాన్ని నా సర్వీసులో ఇంకొకటి చూడలేదు.

కమిషనర్ గారు జేబులోంచి బ్యాటరీ లాగి, "ముందు ఇది పట్టుకో" అని అప్పటికి దగ్గరికొచ్చిన మస్తాన్ చేతిలో పెట్టి, పరుగెత్తారు. చేతిలో బ్యాటరీ పడగానే మస్తాన్ వేళ్ళు వాటంతటవే దాన్ని కెమెరాలో పెట్టేశాయి. రిబ్బను కమిషనర్ గారి ఛాతీకి తగిలి, సాగి, ఫట్‌మని తెగింది. సరిగ్గా అప్పుడే కెమెరా టిక్కుమంది.

బయటికి వచ్చినప్పుడు ఆయన ముఖం ధ్యానం చేసి లేచినవాడిలా ఉంది. "ఫోటో పడిందా?" అన్నారు.

"పడింది సార్. వెనక నుంచి. రిబ్బను మాత్రం బాగా వచ్చింది."

ఆ ఫోటోయే పైకి పంపించాం. "ప్రజావసరాన్ని స్వయంగా గుర్తించి, ఉరుకుల పరుగుల మీద సౌకర్యాన్ని ప్రారంభిస్తున్న కమిషనర్" అని కింద నేనే రాశాను. అందులో ఒక్క అబద్ధం లేదు. రాజధాని నుంచి ప్రశంసాపత్రం వచ్చింది. ఇంత నిజాయితీగా కనిపించే ప్రారంభోత్సవ ఛాయాచిత్రం ఇటీవల తమ దృష్టికి రాలేదని అందులో ఉంది.

లోవమ్మా వాళ్ళూ తాళం తీసిన సాయంత్రమే చెంబులకు చెంబులు నీళ్ళు తాగారు. కథ ఇక్కడ ఆగిపోవాలి. కానీ భానోజీరావు గారు కళ్ళజోడు తుడుచుకున్నారు.

"ఆ ఫోటో తీసింది ఏ బ్యాటరీ?" అన్నారు.

మస్తాన్ అప్పటికే రెంటినీ నా బల్ల మీద పెట్టేశాడు. రెండూ నల్లగా, అగ్గిపెట్టెంత ఉన్నాయి. రెండూ ఉబ్బలేదు. రెండూ పనిచేస్తున్నాయి. కమిటీ వాటిని చాలాసేపు చూసింది. ఇమ్మానుయేలు గారు వాసన కూడా చూశారు.

"ఎంపిక కాని బ్యాటరీతో తీసిన ఫోటో, ఎంపిక పూర్తయ్యేవరకు తాత్కాలిక ఫోటో" అన్నారు భానోజీరావు గారు. "తాత్కాలిక ఫోటోతో శాశ్వతంగా తలుపు తెరిచి ఉంచరాదు."

ఫోటో మీద మక్కువున్నా కమిషనర్ గారు నిబంధన కాదనలేకపోయారు. "తాళం వేయించండి" అని నా ఫైలు మీద రాసి సంతకం పెట్టారు.

నేను బస్టాండుకి వెళ్ళాను. కాళ్ళు ఈడ్చుకుంటూ వెళ్ళానని చెప్పడానికి నాకు సిగ్గులేదు. గ్రిల్లు తలుపు బార్లా తెరిచి ఉంది. గడియకి తాళం లేదు. ఆ రోజు హడావిడిలో ఎవరు తీశారో, ఎటు పోయిందో.

లోవమ్మ తన చోట కూర్చుని మల్లెపూలు మూరలు వేస్తోంది. పూలబుట్ట మీద తడిగుడ్డ గాలికి లేచిపోకుండా కొసన ఒక బరువు పెట్టింది. ఇనప బరువు. దాని మీద పసుపురంగుతో మా ఆఫీసు నెంబరు ఉంది.

ఆవిడ నా చూపు ఎటు వెళ్ళిందో చూసింది. నేను ఆవిడ చూడడం చూశాను.

"ఏవండీ?" అంది.

"ఏం లేదమ్మా" అన్నాను. "తాళం కనబడ్డం లేదు. కొత్తది కొనాలి."

ఆఫీసుకి తిరిగొచ్చి, ఇన్నేళ్ళలో ఎన్నడూ రాయనంత ముచ్చటగా నోటు రాశాను. పై విషయమై, బస్టాండు మరుగుదొడ్ల తాళం గల్లంతైనందున కొత్త తాళం కొనవలసి ఉన్నది. మార్కెట్లో కంపెనీ తాళమూ, జనరిక్ తాళమూ రెండూ లభ్యమవుతున్నందున, ఏది కొనవలెనో తగు ఆదేశాలు కోరడమైనది.

కమిషనర్ గారు చదివారు. చదివి ఫ్యాను వంక చూశారు. కంపెనీది కొంటే ఆడిట్, జనరిక్ కొంటే విజిలెన్స్. మొహం నెమ్మదిగా వికసించింది. "కమిటీ వెయ్యండి" అన్నారు. "ఇమ్మానుయేలు గారిని కూడా పిలవండి. అనుభవం ఉన్న మనిషి."

సాయంత్రం ఇంటికెళుతూ లోవమ్మ దగ్గర ఆగి ఈ కబురు చెప్పాను. తాళం కొనేవరకు తలుపు వెయ్యడం కుదరదనీ, ఏ తాళం కొనాలో తేల్చడానికి కమిటీ వేశారనీ, తేలడానికి కొంచెం సమయం పడుతుందనీ చెప్పాను.

ఆవిడ పక్కనున్న సీసా ఎత్తి గడగడా నీళ్ళు తాగింది. కొంగుతో మూతి తుడుచుకుంది.

"కంగారేం లేదండీ" అంది. "పెద్ద పెద్ద ఇసయాలు కదా. బాగా ఆలోసించి, నిదానంగా తేల్సమనండి."